హ్యూస్టన్ దగ్గర రుసుము లేకుండా టెంటు వేసుకోదగిన అడవులు, తీరాలు ఎక్కడ ఉన్నాయి?

ప్రశ్న (కేటీ నుంచి ఒక సభ్యుడు)

అందరికీ నమస్కారం. మేము హ్యూస్టన్‌కు పడమరగా ఉన్న కేటీలో నివసిస్తున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఇంతకుముందు టెక్సాస్ స్టేట్ పార్కుల్లో టెంటు వేసుకొని కొన్ని రాత్రులు గడిపాము. ఆ పార్కుల నిర్వహణ బాగుంటుంది, అందులో సందేహం లేదు. అయితే చల్లని నెలల్లో వారాంతానికి చోటు కావాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోవలసి వస్తోంది. చోటు దొరికినప్పటికీ పక్క టెంట్ల మాటలు, ఆర్‌వీల జనరేటర్ల మోత, తెల్లవార్లూ వెలిగే దీపాలు వెంట ఉంటూనే ఉన్నాయి. నా చిన్నతనం ఖమ్మం జిల్లాలో అడవిని ఆనుకొని ఉన్న ఊళ్లో గడిచింది. రాత్రిపూట అడవి ఎలా ఉంటుందో, ఎలాంటి చప్పుళ్లు చేస్తుందో పిల్లలకు ఒక్కసారైనా తెలియాలని నా కోరిక.

ఆరిజోనాలోనూ కొలరాడోలోనూ ఉన్న మిత్రులు నగరం దాటి గంట, గంటన్నర కారులో వెళ్లి, ప్రభుత్వ భూమిలో నచ్చిన చోట ఆగి, డబ్బు కట్టకుండా, ఎవరినీ అడగకుండా టెంటు వేసుకుంటారు. అక్కడ నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, బల్ల వంటివేవీ ఉండవని, తీసుకువెళ్లినదంతా తిరిగి తెచ్చుకోవాలని నాకు తెలుసు, దానికి మేము సిద్ధమే. హ్యూస్టన్ చుట్టూ అటువంటి చోట్లు ఉన్నాయా? ఉచిత క్యాంపింగ్ అంటూ చిరునామాలు ఇచ్చే వెబ్‌సైట్లలో వెతికితే ఎక్కువగా దుకాణాల పార్కింగ్ స్థలాలు, హైవే పక్క విశ్రాంతి స్థలాలు, ఎప్పుడో మూతపడిన చోట్లు కనిపిస్తున్నాయి. మాది మామూలు సెడాన్ కారు, మట్టిరోడ్ల మీద ఎంత దూరం పోగలదో తెలియదు. పాములు, వేటగాళ్లు, తెలియక ప్రైవేటు భూమిలో అడుగు పెట్టడం: ఈ మూడూ నా భార్యను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


సమాధానం (కాన్రోలో ఉంటున్న సభ్యుడు)

నమస్కారమండి. మీ మిత్రులు చెప్పే పద్ధతి టెక్సాస్‌లో ఎందుకు అరుదో మొదట చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకనక్కర లేదో వెంటనే తేలిపోతుంది. పశ్చిమ రాష్ట్రాల్లో విశాలమైన ఖాళీ భూములు మొదటి నుంచీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. టెక్సాస్ మాత్రం 1845లో అమెరికాలో కలిసినప్పుడు తన భూములను తన దగ్గరే ఉంచుకొంది, ఆ తర్వాత వాటిని రైల్వేలకు, స్థిరనివాసులకు, పాఠశాలల నిధికి పంచుతూ, అమ్ముతూ పోయింది. ఈ రోజు రాష్ట్రంలో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటు యజమానులది. కాబట్టి రోడ్డు పక్కన చెట్లు దట్టంగా, మనిషి అలికిడి లేకుండా కనిపించినంత మాత్రాన అది ఎవరిదీ కాదనుకోవడానికి లేదు.

దీనికి మినహాయింపు మీకు ఉత్తరాన ఉంది. కలప కంపెనీలు నరికి వదిలేసిన తూర్పు టెక్సాస్ పైన్ అడవులను 1930ల్లో ఫెడరల్ ప్రభుత్వం కొనుగోలు చేసింది, వాటితో 1936లో నాలుగు నేషనల్ ఫారెస్టులు ఏర్పడ్డాయి. వాటిలో హ్యూస్టన్‌కు దగ్గరగా ఉన్నది సామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్. వాకర్, మాంట్‌గోమరీ, సాన్ జసింటో కౌంటీల్లో సుమారు 1,63,000 ఎకరాల మేర పరుచుకొని ఉంది. హ్యూస్టన్ నడిబొడ్డు నుంచి ఐ-45 మీద న్యూ వేవర్లీకి దాదాపు 60 మైళ్లు, కేటీ నుంచి ఇంకొంచెం ఎక్కువ. మీరు అడిగింది ఈ అడవిలో దొరుకుతుంది. మూసివేసిన చోట్లు, రుసుము ఉన్న క్యాంప్‌గ్రౌండ్లు, పగటిపూట వాడకానికి మాత్రమే కేటాయించిన స్థలాలు మినహాయిస్తే మిగిలిన అడవిలో టెంటు వేసుకోవడానికి డబ్బు కట్టనక్కర లేదు, ముందుగా బుక్ చేయనక్కర లేదు.

అయితే ఏడాది పొడవునా ఇలా ఉండదు, వెబ్‌సైట్లు తరచుగా వదిలేసే సంగతి ఇదే. రైఫిల్‌తో జింకలను వేటాడే కాలంలో, అంటే నవంబరు మొదటి శనివారం నుంచి జనవరి మొదటి ఆదివారం వరకు, అడవిలో నచ్చిన చోట రాత్రి బస చేయడానికి అనుమతి ఉండదు. ఆ రెండు నెలలూ హంటర్ క్యాంపులుగా గుర్తించిన చోట్లలో, లేదా వసతులున్న క్యాంప్‌గ్రౌండ్లలో మాత్రమే ఉండాలి. ఈ నియమం మన ప్రాణరక్షణ కోసమే పెట్టారు. పొదల మధ్య ఎక్కడో టెంటు ఉందని, తెల్లవారక ముందే తుపాకీతో చెట్టెక్కి కూర్చున్న మనిషికి తెలిసే మార్గం లేదు. ఆ నెలల్లో పగటిపూట నడకకు వెళ్లినా పెద్దలు, పిల్లలు అందరూ మెరిసే నారింజ రంగు జాకెట్లు, టోపీలు వేసుకోవాలి. మిగతా నెలల్లోనూ అడవి పందుల వంటి వాటి కోసం వేటగాళ్లు తిరుగుతుంటారు కాబట్టి ఆ జాకెట్లు ఎప్పుడూ కారులో ఉంచుకోవడం మంచిది. వసతి స్థలాలకు, టెంట్లకు, ఇళ్లకు 150 గజాల లోపు తుపాకీ పేల్చకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. నలుగురూ వాడే చోట, ట్రెయిల్‌కు మరీ దూరం కాకుండా టెంటు వేసుకుంటే ఆ నిబంధన మీకు బాగా పనికివస్తుంది.

మీ కుటుంబానికి నేను సూచించే కాలం జనవరి రెండో వారం నుంచి మార్చి చివరి వరకు. రాత్రులు చల్లగా ఉంటాయి, దోమలు తక్కువ, పాములు కూడా చలి ఉన్నన్నాళ్లు చాలావరకు బయట తిరగవు, వేట రద్దీ ముగిసి ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు, టెంటులో పిల్లలు నిద్రపోలేరు. ఆ నెలల్లో మొదటి ప్రయత్నం చేసి మళ్లీ అడవి ముఖం చూడని కుటుంబాలు నాకు తెలుసు. చలికాలంలో గమనించవలసిన మరో విషయం ఏమిటంటే, జనవరి నుంచి వసంతం వరకు ఫారెస్ట్ సర్వీస్ వారు అడవిలో కొన్ని భాగాలకు తామే నిప్పు పెట్టి, అదుపులో ఉంచి నేల మీది పొదలను కాలుస్తారు. ఎర్ర చారల వడ్రంగిపిట్ట అని చెప్పదగిన ఒక అరుదైన పక్షి ఇక్కడి ముదురు పైన్ చెట్లలో గూళ్లు తొలుచుకుంటుంది, దానికి అడుగున పొదలు లేని విశాలమైన పైన్ వనం కావాలి. ఆ గూళ్లున్న చెట్ల కాండానికి ఆకుపచ్చ రంగు పట్టీలు వేసి ఉంటాయి. అటువంటి చెట్లు కనిపిస్తే అక్కడ టెంటు వేయకుండా ముందుకు సాగిపోండి.

ఇక ప్రైవేటు భూమి సంగతి. ఈ అడవి ఒకే ముక్కగా లేదు. మధ్యమధ్యన ఇళ్లు, పొలాలు, పశువుల మేత భూములు కలిసిపోయి ఉంటాయి. టెక్సాస్ చట్టం ప్రకారం చెట్ల మీద, కంచె స్తంభాల మీద ఊదా రంగు గీతలు ఉంటే అక్కడ ప్రవేశం నిషిద్ధమని అర్థం, బోర్డు పెట్టనక్కర లేదు. కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉన్న నిలువు గీతలు, నేల నుంచి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తులో ఉంటాయి. ఈ ఒక్క విషయం పిల్లలకు కూడా నేర్పించండి, నడుస్తూ నడుస్తూ వాళ్లే ముందుగా కనిపెడతారు. ఫారెస్ట్ సర్వీస్ వారి వాహన మార్గాల మ్యాపు ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఫోనులో అవెంజా వంటి యాప్‌లో ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా మీరు ఏ రోడ్డు మీద ఉన్నారో చూపిస్తుంది. ఆ మ్యాపులో లేని దారిలోకి కారు తిప్పకూడదు. మీ సెడాన్ గురించి చెప్పాలంటే, పొడి వాతావరణంలో కంకర వేసిన ఫారెస్ట్ రోడ్ల మీద ఇబ్బంది లేదు. పెద్ద వాన కురిసిన రెండు మూడు రోజుల వరకు ఇక్కడి బంకమట్టి చక్రాలను వదలదు కాబట్టి అప్పుడు తారురోడ్డు పక్కన ఉన్న ట్రెయిల్‌హెడ్ల (కాలిబాట మొదలయ్యే చోట్ల) దగ్గరే ఆపి, సామాను మోసుకొని నడవండి.

ఆ నడకకు లోన్ స్టార్ హైకింగ్ ట్రెయిల్ చాలా అనుకూలం. పడమట రిచర్డ్స్ దగ్గర మొదలై తూర్పున క్లీవ్‌లాండ్ దగ్గర ముగిసే ఈ కాలిబాట ప్రధాన మార్గమే 96 మైళ్లు ఉంటుంది. ఎఫ్‌ఎం 149 రోడ్డు వైపు నుంచి మైలు, మైలున్నర లోపలికి నడిస్తే చాలు, పిల్లలతో సహా హాయిగా ఉండగల చదునైన పైన్ వనం వస్తుంది. అక్కడే ఉన్న లిటిల్ లేక్ క్రీక్ వైల్డర్‌నెస్ 1984లో చట్టం ద్వారా రక్షణ పొందిన ప్రాంతం, అందులో వాహనాలు తిరగవు. మీ బాబుకు వినిపించాలనుకుంటున్న రాత్రి చప్పుళ్లు గుడ్లగూబలతో సహా అక్కడ వినిపిస్తాయి.


సమాధానం (షుగర్ ల్యాండ్ నుంచి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి)

పై సమాధానంలో ఉన్న విషయాలన్నీ నిజమేనండి, నేను కాదనడం లేదు. అయినా ఏడేళ్ల పాపతో మొదటిసారే ఏ వసతీ లేని చోటికి రాత్రి బసకు వెళ్లడం నాకు సరిగా అనిపించడం లేదు, కారణాలు చెబుతాను.

మీ భార్య అడిగిన మూడింటిలో లేనిది, కానీ ఈ నేల మీద పిల్లలను అన్నింటికంటే ఎక్కువగా బాధించేది ఎర్ర నిప్పుచీమ. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చి ఈ దేశపు దక్షిణ రాష్ట్రాలన్నింటినీ ఆక్రమించిన జాతి ఇది. గడ్డిలో చిన్న మట్టిగుట్టలా ఉండే పుట్ట మీద కాలు పడితే క్షణాల్లో పదులకొద్దీ చీమలు పైకి పాకి ఒకేసారి కుడతాయి, మరునాటికి చీముపొక్కులు లేస్తాయి. కొందరికి శరీరమంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోయే ప్రమాదం కూడా ఉంది. అడవిలో మీరు ఉన్న చోటికి అంబులెన్సు రావడానికి ఎంత సమయం పడుతుందో ఊహించండి. పిల్లలకు ఇదివరకు చీమ కుట్టినప్పుడు ఒళ్లు ఎలా స్పందించిందో తెలియకుండా, అలర్జీ మందు గురించి డాక్టరును అడగకుండా బయలుదేరకండి. టెంటు వేసే ముందు ఆ చోటంతా ఒకసారి నెమ్మదిగా నడిచి పుట్టలు ఉన్నాయేమో చూడాలి, చీకటి పడ్డాక చెప్పుల్లేకుండా ఎవరినీ తిరగనివ్వకూడదు.

తర్వాతివి పిడుదులు, చిగ్గర్లు (గడ్డిలో ఉండి ఒంటికి పట్టి దురద పుట్టించే అతి చిన్న పురుగులు). పొడుగు గడ్డిలో కూర్చోకపోవడం, ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోవడం, సాయంత్రం టెంటులోకి వెళ్లే ముందు చెవుల వెనుక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో పిల్లలను వెతికి చూడటం మా ఇంట్లో తప్పనిసరి పద్ధతి. పాముల్లో ఇక్కడ ఎక్కువగా కనిపించేది కాపర్‌హెడ్. ఎండుటాకుల రంగులో ఉంటుంది కాబట్టి సులువుగా కనిపించదు, తొక్కినా, చేయి తగిలినా కాటు వేస్తుంది. నీటి అంచుల్లో కాటన్‌మౌత్ ఉంటుంది. రాత్రి టార్చి వెలుగులో అడుగు చూసి వేయడం, పడిపోయిన దుంగల అవతల చేయి పెట్టకపోవడం పాటిస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

నా సూచన ఇది. ముందుగా హంట్స్‌విల్ స్టేట్ పార్కులో, అదే పైన్ అడవిలో, మరుగుదొడ్డి అందుబాటులో ఉన్న చోట, మామూలు రోజుల్లో ఒక రాత్రి ఉండండి. కానీ అక్కడ పార్కు వసతులేవీ వాడకుండా నీళ్లు, వంట, చెత్త అంతా మీరే చూసుకోండి. శుక్ర, శనివారాలు తప్పిస్తే జనం, చప్పుడు రెండూ బాగా తక్కువగా ఉంటాయి, కాబట్టి మీరు చెప్పిన జనరేటర్ల ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది. టెంటు వేయడం, స్టవ్ వెలిగించడం నేర్పే కుటుంబ శిబిరాలను కూడా టెక్సాస్ పార్క్స్ విభాగం నడుపుతుంది. అక్కడ పాప ధైర్యం చూసుకొని తర్వాత అడవికి వెళ్లండి. డబ్బు ఆదా కావడం మంచిదే గానీ, మొదటి రాత్రి భయపడిన పిల్ల మళ్లీ రానంటే మీ కోరిక తీరదు.


సమాధానం (బోమాంట్ నుంచి ఒక సభ్యుడు)

నేను తూర్పు వైపు ఉంటాను కాబట్టి ఇక్కడి సంగతులు చెబుతాను. సామ్ హ్యూస్టన్ అడవి ఒక్కదానితోనే ఆగిపోనక్కర లేదు.

హ్యూస్టన్ నుంచి ఈశాన్యంగా, కౌంట్జ్ ఊరి దగ్గర బిగ్ థికెట్ నేషనల్ ప్రిజర్వ్ ఉంది. ఫ్లోరిడాలోని బిగ్ సైప్రెస్‌తో పాటు 1974లో ఏర్పడిన ఈ రెండే దేశంలో మొదటి నేషనల్ ప్రిజర్వులు. ప్రవేశ రుసుము లేదు. లోపల టెంటు వేసుకోవడానికి పర్మిట్ తీసుకోవాలి గానీ దానికి కూడా డబ్బు లేదు. ఏ భాగంలో ఉండవచ్చో, ఏ భాగం వేట కోసం ఆ నెలల్లో మూసి ఉందో పర్మిట్ ఇచ్చేటప్పుడు రేంజర్లే చెబుతారు, అందుకే ఎవరికీ చెప్పకుండా అడవిలోకి పోవడం కంటే కుటుంబాలకు ఇది నిబ్బరంగా ఉంటుందని నా అభిప్రాయం. మీరు ఎక్కడ ఉన్నారో రాతపూర్వకంగా ఒకరి దగ్గర ఉంటుంది. ఎడారి మొక్కలు, చిత్తడి నేలల సైప్రెస్‌లు, కీటకాలను పట్టి తినే పిచ్చర్ మొక్కలు ఒకే రోజు నడకలో చూడగలిగే చోటు ఇది. పదకొండేళ్ల పిల్లవాడికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఇక్కడ నాకు అన్నింటికంటే ఇష్టమైన బస నెచెస్ నది ఇసుక తిన్నెల మీద. తెల్లటి ఇసుక, చీమల పుట్టలు తక్కువ, చెట్ల నీడ అడ్డు రాదు కాబట్టి ఆకాశం మొత్తం కనిపిస్తుంది. అక్కడికి చేరడానికి కనూ కావాలి, పిల్లలకు లైఫ్ జాకెట్లు కావాలి, కనీసం ఒకరికి పడవ నడపడం బాగా వచ్చి ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఎగువన టౌన్ బ్లఫ్ డ్యామ్ ఉంది. అక్కడ నీరు వదిలినా, పైన వాన పడినా మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉండగానే నది పెరుగుతుంది. నీటిమట్టం వివరాలు చూసుకోకుండా, తిన్నె మీద ఎత్తైన భాగం ఎంచుకోకుండా రాత్రి నిద్రపోకూడదు. నీటి అంచున మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయి, చేపలు శుభ్రం చేసిన వ్యర్థాలు టెంటు దగ్గర వదలకండి.

మూడో దారి సముద్రం. టెక్సాస్‌లో 1959 నాటి ఓపెన్ బీచెస్ చట్టం వల్ల గడ్డి, పొదలు మొదలయ్యే గీత వరకు ఇసుక తీరం ప్రజలందరికీ తెరిచి ఉంటుంది. గాల్వెస్టన్ నుంచి బొలివర్ ద్వీపకల్పానికి రాష్ట్ర రవాణా శాఖ నడిపే ఫెర్రీ కారుతో సహా ఉచితం, పిల్లలకు అదే ఒక పండుగ, తరచుగా డాల్ఫిన్లు కూడా కనిపిస్తాయి. బొలివర్ తీరంలో కారు నిలపడానికి ఏడాదికి 10 డాలర్ల స్టిక్కర్ కొనాలి, కాబట్టి పూర్తిగా ఉచితం అనలేను గానీ, ఏడాదంతా పనికివచ్చే ఖర్చు అది. అయితే మీ సెడాన్‌ను గట్టిపడిన తడి ఇసుక దాటి పొడి ఇసుకలోకి తీసుకువెళ్లకండి, ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా నీటి అంచున నిలపకండి. మామూలు టెంటు మేకులు ఇసుకలో నిలవవు, పొడుగాటి ఇసుక మేకులు కొనుక్కోండి. ఈ తీరానికి అడ్డుగా కొండలు గానీ అడవి గానీ లేవు. 2008లో ఐక్ తుపాను ఈ ద్వీపకల్పం మీది ఇళ్లను వరుసలకు వరుసలుగా తుడిచిపెట్టేసింది. జూన్ నుంచి నవంబరు వరకు వాతావరణ హెచ్చరికలు చూడకుండా అక్కడ ఉండకూడదు. మార్చి చివర, ఏప్రిల్‌లో వెళితే మరో లాభం ఉంది. మెక్సికో సింధుశాఖను దాటి వచ్చి అలసిపోయిన చిన్నపక్షులు పక్కనే ఉన్న హై ఐలాండ్ చెట్లలో దిగుతాయి.


ప్రశ్న అడిగిన సభ్యుడు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. షుగర్ ల్యాండ్ సోదరి చెప్పిన చీమల విషయం మా ఇద్దరికీ తట్టలేదు. పాపకు ఒకసారి కుట్టినప్పుడు చేయి బాగా వాచింది, కాబట్టి ముందుగా డాక్టరు గారిని అడుగుతాము. హంట్స్‌విల్‌లో ఒక రాత్రి ఉండి, ఆ తర్వాత ఫిబ్రవరిలో ఎఫ్‌ఎం 149 వైపు వెళ్లాలని నిర్ణయించుకున్నాము.

మరొక ప్రశ్న కూడా ఉంది. మా వీధిలోనూ ఆఫీసులోనూ ఉన్న తెలుగు కుటుంబాలు కలిసి కార్తీకమాసంలో వనభోజనాలు నిజమైన వనంలోనే చేసుకోవాలని, వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండాలని అనుకుంటున్నారు. ఇప్పటివరకు ఊళ్లోని పార్కు షెల్టరు అద్దెకు తీసుకొని చేస్తున్నాము. పెద్ద బృందానికి అడవిలో అనుమతి ఉంటుందా? అక్కడే వంట చేసుకోవచ్చా, దీపాలు వెలిగించవచ్చా?


సమాధానం (కాన్రోలో ఉంటున్న సభ్యుడు)

షుగర్ ల్యాండ్ సోదరి సలహా నా సలహా కంటే మెరుగైనది, మీరు దాన్ని స్వీకరించడం సంతోషంగా ఉంది.

వనభోజనాల విషయంలో చిక్కు క్యాలెండరులోనే ఉంది. కార్తీకం దీపావళి మరునాడు మొదలవుతుంది, జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, రెండూ దాదాపు ప్రతి ఏడాదీ ఒకదానిపై ఒకటి పడతాయి. ఉదాహరణకు 2025లో కార్తీకం అక్టోబరు 22 నుంచి నవంబరు 20 వరకు ఉంటే, వేట నవంబరు 1నే ప్రారంభమైంది. దీపావళి నవంబరులో వచ్చే ఏడాది వేట లేని కార్తీకపు రోజు ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. అందువల్ల కార్తీకంలో అడవి లోపల రాత్రి బస ఆలోచన మానుకోండి. భోజనాలు మాత్రం పగటిపూట, వసతులున్న చోట హాయిగా చేసుకోవచ్చు. అదే అడవిలో కోల్డ్‌స్ప్రింగ్ దగ్గర డబుల్ లేక్ అనే చెరువు, దాని చుట్టూ భోజన స్థలాలు ఉన్నాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద పనిచేసిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు 1937లో కట్టినవి అవి. రుసుము ఉంటుంది, కానీ పైన్ చెట్ల నీడ, నీళ్లు, మరుగుదొడ్లు ఉంటాయి, తుపాకీ భయం ఉండదు. ముసలివాళ్లు, పసిపిల్లలు కూడా వచ్చే సందర్భం కాబట్టి నాకు అదే సరైన చోటుగా తోస్తోంది.

బృందం సంఖ్య గురించి: నేషనల్ ఫారెస్టులో లాభాపేక్ష లేని సమావేశానికైనా హాజరయ్యేవారు 75 మంది, అంతకు మించి ఉంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఆ పర్మిట్‌కు రుసుము లేదు గానీ దరఖాస్తు ముందుగా ఇవ్వాలి. పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు, ఇరవై కుటుంబాలు కలిస్తే ఆ సంఖ్య చేరడం ఎంతసేపు! పర్మిట్ తప్పించుకోవడానికి రెండు గుంపులుగా విడిపోయి పక్కపక్కన కూర్చోవడం వంటి పనులు దయచేసి చేయవద్దు. మన తర్వాత అడగబోయే తెలుగువారికి కూడా చెడ్డపేరు వస్తుంది.

వంట, దీపాల విషయానికి వస్తే, బయలుదేరే ముందు రెండు వేరువేరు నిషేధాలను చూసుకోవాలి. కరువు కాలంలో కౌంటీ వారు బహిరంగంగా నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తారు. ఫారెస్ట్ సర్వీస్ వారు తమ అడవికి వేరుగా ఆదేశం జారీ చేస్తారు. అటువంటి ఆదేశం ఉన్నప్పుడు కట్టెల పొయ్యికి, బొగ్గుల గ్రిల్లుకు వీలుండదు, తిప్పితే వెంటనే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌కు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. పులిహోర, దద్దోజనం, పూర్ణాలు ఇంట్లోనే వండి తెచ్చుకుంటే అసలు ఈ చిక్కే ఉండదు. కార్తీక దీపాలను చెరువులో వదలడం గురించి కొందరు తప్పక అడుగుతారు. ఎండిన పైన్ ఆకులు నూనె తగిలినట్టు అంటుకుంటాయి, నీళ్లలో వదిలిన ప్రమిదలు, వత్తులు, ఆకుదొన్నెలు మరునాడు చెత్తగా మిగులుతాయి. బల్ల మీద, పళ్లెంలో నీళ్లు పోసి దాని మధ్యలో దీపం పెట్టి, కొండెక్కేవరకు ఒకరు పక్కనే ఉండి, ప్రమిదను వెంట తెచ్చుకోవడం సరిపోతుంది, అదీ నిషేధం లేని రోజున. మిగిలిపోయిన దీపావళి టపాసులు మాత్రం అడవికి తేవద్దు. నేషనల్ ఫారెస్టు భూమి మీద బాణసంచా అన్ని రోజుల్లోనూ నిషిద్ధమే.

ఫిబ్రవరిలో మీ నలుగురి ప్రయాణానికి సంబంధించి మిగిలినవి కూడా చెబుతాను. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్ నీళ్లు కారులో పెట్టుకోండి. వాగుల్లో నీళ్లు ఉన్నా వడపోయకుండా, మరిగించకుండా తాగకూడదు, వాన లేని వారాల్లో అవీ ఎండిపోతాయి. మలవిసర్జనకు వాగుకు, కాలిబాటకు, టెంటుకు 200 అడుగుల దూరంలో 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి పూడ్చాలి; చిన్న తవ్వుగోల తప్పక తెచ్చుకోండి, కాగితాన్ని సంచిలో వేసి వెనక్కి తీసుకువెళ్లండి. అన్నం, పచ్చడి సీసాలు, చిప్స్ పొట్లాలు టెంటులో ఉంచితే రాకూన్లు టెంటు చింపుతాయి, వాటిని మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి కారులో ఉంచండి, లేదా కొమ్మకు ఎత్తుగా వేలాడదీయండి. టెంటు వేసే ముందు తల ఎత్తి పైకి చూడండి. 2024 జూలైలో వచ్చిన బెరిల్ తుపాను ఈ వైపు ఎన్నో చెట్లను విరిచింది, విరిగి పై కొమ్మల్లో ఇరుక్కున్నవి, నిలువునా ఎండినవి గాలికి ఎప్పుడైనా పడవచ్చు.

న్యూ వేవర్లీ దగ్గర ఎఫ్‌ఎం 1375 మీద ఫారెస్ట్ సర్వీస్ రేంజర్ ఆఫీసు ఉంది. వారాంతంలో అక్కడ మనిషి దొరుకుతారని నమ్మి బయలుదేరకుండా, ఆ వారం మధ్యలోనే ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి: మీరు వెళ్లే వైపు అదుపు మంటలు ఏమైనా ఉన్నాయా, నిప్పు మీద నిషేధం ఉందా, ఏ రోడ్లు మూసి ఉన్నాయి, లోన్ స్టార్ ట్రెయిల్ మీద వంతెనలు అన్నీ బాగున్నాయా అని. ఏ ట్రెయిల్‌హెడ్ దగ్గర కారు నిలుపుతున్నారో, ఆదివారం ఎన్ని గంటలకు ఇంటికి చేరతారో కేటీలో ఒక మిత్రుడికి రాసి ఇచ్చి వెళ్లండి. ఆ వారాంతంలో నేను ఊళ్లోనే ఉంటే శనివారం ఉదయం ఎఫ్‌ఎం 149 ట్రెయిల్‌హెడ్ దగ్గర కలిసి, మొదటి మైలు మీతో నడుస్తాను. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాయండి.